ఆర్విల్ మర్చిపోని తూటా

మా కౌంటీ వారపత్రికలో పంతొమ్మిదేళ్ళు తుపాకుల గురించి రాశాను నేను. వెనక పేజీలో, పశువుల సంత కబుర్ల పక్కన, ఆరొందల మాటలు. మా కొండల్లో ఎవరు కొత్త తుపాకీ కొనాలన్నా ముందు నా పేజీ చదివేవాళ్ళు. చదివేసి కూడా దాణా మిల్లు దగ్గర నన్ను పట్టుకుని, "డెల్, నిజం చెప్పు, అది పనికొస్తుందా?" అని అడిగేవాళ్ళు. అంటే నేను రాసింది నిజం కాదనా? అప్పట్లో ఆ మాటకి ఒళ్ళు మండేది నాకు. ఇప్పుడనిపిస్తుంది, వాళ్ళే తెలివైనవాళ్ళని.

ఆ ఫిబ్రవరిలో ఊళ్ళో తుపాకుల కొట్టాయన నా చేతిలో ఒక సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ పెట్టి, నెల రోజులు ఉంచుకో, చూసి రాయి అన్నాడు. ఒక తూటా పేల్చగానే ఖాళీ డొల్లని తనే బయటికి విసిరేసి, తర్వాతి తూటా తనే ఎక్కించుకునే రకం. అలాంటివి పేరున్న కంపెనీలవైతే పదహారొందల డాలర్లు. ఇది నాలుగొందలు. నల్ల ప్లాస్టిక్ మడమ, ఎక్కడో సముద్రం అవతల తయారైంది, కాయితం మీద ఇంగ్లీషు సగం తప్పులు. చూడగానే పెదవి విరిచాను. నాలుగొందలకి వచ్చేది నాలుగు రోజుల ముచ్చటేలే అనుకున్నాను.

నా పద్ధతి నాకుంది. తుపాకీని తుడవను, నూనె వెయ్యను, వచ్చింది వచ్చినట్టే పేలుస్తాను. పచ్చిక బయల్లో మట్టి పళ్ళేలు ఎగరేసే యంత్రం పెట్టుకుని, తేలిక తూటాలు, బరువు తూటాలు, పాతబడి అట్టపెట్టె మెత్తబడినవి, అన్నీ కలిపి కొడతాను. తర్వాత మాంసం కొట్టులో చుట్టే కాయితం తెచ్చి, దాని మీద టర్కీ కోడి తల బొమ్మ గీసి, నలభై గజాల దూరంలో కట్టి, ఎన్ని గుళ్ళు పడ్డాయో పెన్సిలుతో ఒక్కొక్కటే చుట్టి లెక్కపెడతాను. నా భార్య నోరీన్, వంటింటి బల్ల నిండా ఆ చిల్లుల కాయితాలు పరిచి ఉంటే, "ఇవాళ కూడా నిలబడే తినాలా?" అని దెప్పేది.

ఏం చెప్పమంటారు, ఆ చవక తుపాకీ నా నోరు మూయించింది. మూడు వందల తూటాలు దాటినా అలసట లేదు. బురదలో పడేశాను, మంచులో ఒక రాత్రంతా వదిలేశాను. భుజం మీద తన్ను కూడా తక్కువే, సగం అదే మింగేస్తోంది. ఎవరూ పట్టించుకోని పిల్లకి నూటికి నూరు మార్కులొస్తే వాళ్ళ పంతులు ఎలా ఉంటాడో అలా అయిపోయాను. దీని గురించి బాగా రాయాలని అప్పుడే మనసులో పడిపోయింది. అక్కడే నేను చెడిపోయాను.

ఎందుకంటే ఒక్కసారి అది పేలలేదు. కాయితం మీద కొట్టే రోజున, మా కుక్క నా కాళ్ళ దగ్గర పడుకుని ఉంది. అది ఉలిక్కిపడుతుందని, తూటాని గొట్టంలోకి తోసి మూసే బోల్టు పిడిని వేలితో పట్టుకుని మెల్లగా ముందుకి వదిలాను. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, అంతే. తీసి చూస్తే తూటా బాగానే ఉంది, వెనక సూది గుచ్చుకోవాల్సిన రాగి బిళ్ళ మీద గీత కూడా లేదు. మళ్ళీ పెట్టి, ఈసారి బోల్టుని దాని మానాన వదిలేశాను. ధడాల్న మూసుకుంది, కొడితే పేలింది. బోల్టుని వేలితో మెల్లగా దించితే చివరి వెంట్రుకవాసి తిరిగి బిగుసుకోదన్నమాట. బయట్నుంచి చూస్తే మూసుకున్నట్టే ఉంటుంది. నోటుబుక్కులో "ఒకసారి టిక్, మెల్లగా మూస్తే" అని రాసుకున్నాను కూడా.

పేజీ రాసేటప్పుడు ఒక వాక్యం తోసుకుని వచ్చింది: "నాలుగొందల తూటాలు, ఒక్కసారీ మొండికేయలేదు." అందంగా ఉంది. నా పంతొమ్మిదేళ్ళలో అంత చక్కగా కుదిరిన వాక్యాలు నాలుగో అయిదో. ఆ టిక్కు సంగతి పెడితే దాని వెనక ఇంకో మూడు వాక్యాలు పెట్టి వివరించాలి, అందం పోతుంది, ఆరొందల మాటలూ దాటిపోతాయి. నాలుగొందల్లో ఒకటి, అదీ నా చేతి పొరపాటు అనుకుని కొట్టేశాను. అంతకంటే పెద్ద కారణం లేదు. ఎవరూ నాకు డబ్బివ్వలేదు, ఎవరూ బెదిరించలేదు. ఒక వాక్యం నచ్చింది నాకు, దాన్ని పాడుచేసుకోబుద్ధి కాలేదు.

ఇప్పుడు ఆర్విల్ సంగతి చెప్పాలి.

ఆర్విల్ స్ట్రౌడ్ నాకు టర్కీ వేట నేర్పినవాడు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు అడవిలో నా పక్కన కూర్చుని, నేను కాస్త కదిలితే చాలు మోకాలి మీద గిల్లేవాడు. నాకంటే పదమూడేళ్ళు పెద్ద. ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం ఏంటంటే, తెల్లారకముందు చెట్టు మీద పుంజు నిద్రపోతుంటే, దాని కింద నువ్వు చేసే ఒకే ఒక్క ఇనప చప్పుడు బోల్టుది. అందుకని దాన్ని వేలితో పట్టుకుని, పసిపిల్ల ఉన్న గది తలుపు మూసినట్టు మూయాలి. మా కొండల్లో టర్కీ వేటాడే ప్రతివాడూ అలాగే మూస్తాడు. నేనూ అంతే. కుక్క కోసం నా వేలు దానంతటదే అలా పోయింది కూడా అందుకే. అయినా ఆ రెండూ కలిపి చూసుకోలేదు నేను. నా బుర్రలో మట్టి ఉంది, ఇంకేం చెప్పను.

ఆ ఏడు ఆర్విల్‌కి డెబ్భైతొమ్మిది. ముందు శరదృతువులో కుడి భుజానికి ఆపరేషన్ అయింది. ఆయన పాత ఒంటి గొట్టం తుపాకీ గాడిదలా తన్నుతుంది, అది ఇక ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. దానికంటే పెద్ద సంగతి ఇంకోటి. జనవరిలో ఆయన పొయ్యి మీద కాఫీ గిన్నె పెట్టి మర్చిపోయి బయటికెళ్ళిపోయాడు. కూతురు ట్వైలా వచ్చి చూసేసరికి గిన్నె ఎర్రగా కాలుతోంది. ట్వైలా చెడ్డది కాదు, భయస్తురాలు. లారీ తాళాలు ఇచ్చెయ్యి నాన్నా అంది. చూడ్డానికి అది పాత పికప్పే, కానీ ఆయన దాన్ని లారీ అనే అంటాడు, మేమూ అదే అంటాం. అది లేకపోతే ఆయన కొండ మీది ఇంట్లోంచి ఎక్కడికీ పోలేడు. చివరికి ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు. ఇంకొక్కసారి, చెయ్యాల్సిన పని అలా మర్చిపోతే, ఎవరూ అడక్కుండానే తాళాలు తనే తెచ్చి ఆవిడ చేతిలో పెడతానని మాటిచ్చాడు. ఆర్విల్ మాటిచ్చాడంటే ఇచ్చాడే. ఆ వసంతమంతా ఆయన జేబులో చిన్న చీటీ పెట్టుకుని, పొయ్యి ఆపాను, తలుపేశాను, మందు మింగాను అని టిక్కులు పెట్టుకునేవాడు. నాకు చూపించి నవ్వేవాడు, కానీ పెట్టడం మానేవాడు కాదు.

నా పేజీ వచ్చిన మర్నాడు పేపరు మడిచి చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నా వాక్యం కింద పెన్సిలు గీత ఉంది.

"ఒక్కసారీ మొండికేయలేదని రాశావు. ఒక్కసారీ?" అన్నాడు.

నోటుబుక్కు నా వెనక అలమరలోనే ఉంది. చెప్పొచ్చు. కానీ అచ్చయిన వాక్యం ఆయన వేలి కింద ఉంది.

"ఒక్కసారీ," అన్నాను.

ఆయన ఆ సాయంత్రమే కొన్నాడు. రోజూ ముందు గదిలో దాన్ని భుజానికెత్తి దించి అలవాటు చేసుకున్నాడు. నాలుగైదు తూటాలు కాయితం మీద కొట్టి చూసుకుని, భుజం నొప్పి పెట్టలేదని నాకు ఫోన్ చేసి చెప్పాడు. గొంతులో ఎంత సంబరమో. అప్పుడు నాకు గర్వంగా ఉంది కూడా, నా మాటవల్ల ఒక ముసలాయన మళ్ళీ వేటకి పోతున్నాడని.

ఆయన కన్ను ఒకే పుంజు మీద ఉంది. మూడు వసంతాలుగా ఆయన్ని ఏడిపిస్తోంది. మేం దాన్ని పాస్టరుగారు అనేవాళ్ళం, ఎందుకంటే ఒకసారి మొదలుపెడితే ఆపదు, ఆదివారాలైతే మరీ. ఏప్రిల్లో సీజన్ మొదలైన మూడో రోజు మేమిద్దరం దాని కోసం వెళ్ళాం. ఆయనే లారీ నడిపాడు. దుంగలు లాగే పాత బాటలో అర మైలు చీకట్లో నడిచాం, దీపం వెయ్యలేదు. గట్టు మీద ఓక్ చెట్టుకి ఆనుకుని ఆయన కూర్చున్నాడు. వెనక పదిహేను అడుగుల్లో నేను, పెట్టలా కూయడానికి పలకా పుల్లా పట్టుకుని.

ఆర్విల్ ఎప్పుడూ ఒకే తూటా పెడతాడు. ఒంటి గొట్టం మీద పెరిగినవాడు, రెండోది కావాల్సి వస్తే మొదటిదానికి సిగ్గుండాలి అనేవాడు. ఆయన వీపు కొంచెం వంగడం, మోచెయ్యి కదలడం చూశాను. తూటా పెడుతున్నాడని తెలిసింది. చప్పుడు మాత్రం ఏమీ వినపడలేదు. ఆ చేతులకి డెబ్భైతొమ్మిదేళ్ళు, అందులో ఒకటి కోసి కుట్టిన భుజానిది, అయినా అంత ఇనుముని అంత మెత్తగా మూశాడే అని ముచ్చటపడ్డాను. చెప్పుచ్చుకుని కొట్టాలి నన్ను.

తెల్లారింది. పాస్టరుగారు కొమ్మ మీంచే ప్రసంగం మొదలుపెట్టారు. నేను పలక మీద రెండుసార్లు గీసి ఊరుకున్నాను. పుంజు దిగింది. పావుగంట ఏ చప్పుడూ లేదు. తర్వాత గట్టు మీదికి ఆ ఎర్ర తల, తెల్లటి నడినెత్తి, తోక మొత్తం విప్పుకుని, రెక్కల చివర్లు ఆకుల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. ముప్పై అడుగులు. ఇరవై ఆరు. ఇరవై రెండు. ఆర్విల్ తుపాకీ ఎప్పుడు ఎత్తాడో నేను కూడా చూడలేదు, అంత నెమ్మది.

టిక్.

పుంజు మెడ నిటారుగా లేచింది. ఒక్క క్షణం మా ఇద్దర్నీ చూసి, పరుగెత్తి, గట్టు దిగి రెక్కలు కొట్టుకుంటూ లోయలోకి పోయింది. ఆర్విల్ దాన్నే చూస్తూ బోల్టు పిడి గుంజాడు. తూటా పక్కకెగిరి ఎండుటాకుల్లో పడడం నేను చూశాను, విన్నాను. ఆయన చూడలేదు, ఆ చెవులకి వినపడలేదు. కళ్ళు లోయ నుంచి తిప్పి తుపాకీలోకి చూసుకున్నాడు. ఖాళీగా ఉంది.

"పెట్టలేదు," అన్నాడు. "ఒరే డెల్, తూటా పెట్టడం మర్చిపోయానురా."

నేను పలక ఏరుకుంటున్నట్టు వంగి ఆ తూటా తీశాను. రాగి బిళ్ళ మీద గీత లేదు. వెంటనే అర్థమైంది నాకు, మొత్తం అంతా. ఇదిగో నువ్వు పెట్టిన తూటా అని చేతిలో పెడితే సరిపోయేది. కానీ పెట్టగానే, మరెందుకు పేలలేదు అని అడుగుతాడు. నాకు తెలుసు అనాలి. ఫిబ్రవరి నుంచీ తెలుసు, నువ్వు మొహం మీద అడిగితే లేదన్నాను అనాలి. లారీలో చెబుదాంలే అనుకుని జేబులో వేసుకున్నాను.

లారీ దగ్గర ఆయన నా చేతికి తాళాలిచ్చి, నువ్వే నడుపు అన్నాడు. నలభై నాలుగేళ్ళలో ఎప్పుడూ ఇవ్వలేదు. దారి పొడుగునా ఆయన తెల్లవారుజాము నుంచి చేసినవన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాడు. లేచాను, బూట్లు వేసుకున్నాను, పొయ్యి ఆపాను, చెట్టు దగ్గర కూర్చున్నాను, జేబులో చెయ్యి పెట్టాను. "చెయ్యి పెట్టినట్టు గుర్తుందిరా. చల్లగా తగిలింది కూడా గుర్తుంది. గుర్తున్నది కూడా అబద్ధమేనా మరి?" అని ఏడ్చాడు. ఆర్విల్ ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆయన భార్య పోయినప్పుడు కూడా. ఇదే సమయం, చెప్పు అని లోపల ఎవరో తోస్తున్నారు. నేను నీళ్ళు నములుతూ రోడ్డు చూస్తూ నడిపాను. ట్వైలాకి చెప్పొద్దులే, నేనూ చెప్పను అని మాత్రం అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకుని, మాటిచ్చాను కదా అన్నాడు.

ఆ సాయంత్రమే కూతుర్ని పిలిచి తాళాలిచ్చేశాడు. తుపాకులన్నీ కూడా తీసుకుపొమ్మన్నాడు. ఆవిడే నాకు ఫోన్ చేసి చెప్పింది. ఏడుస్తూనే, పోనీలెండి, తనంతట తనే తెలుసుకున్నాడు అంది. అది విన్నాక రేపు వెళ్ళి చెబుతాననుకున్నాను. మర్నాడు వెళ్ళాను, కాఫీ తాగి వచ్చాను. ఆ తర్వాత వారం కూడా అంతే. ఒక అబద్ధానికి ఒక రోజు వయసుంటే చెప్పడం కష్టం, నెల వయసొస్తే చెప్పడానికి నోరే ఉండదు. మే నెలలో ట్వైలా ఆయన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. గడియారం బొమ్మ గియ్యమన్నారట, అయిదు మాటలు చెప్పి కాసేపయ్యాక అడిగారట. అన్నీ చెప్పాడు. వయసుకి తగ్గట్టే ఉన్నారు, లారీ నడుపుకోవచ్చు అన్నాడట డాక్టరు. ఆర్విల్ ఒప్పుకోలేదు. ఆ డాక్టరు నేను తూటా మర్చిపోవడం చూడలేదుగా అన్నాడట. ఆ మాట ట్వైలా చెబుతుంటే నేను లేచి చేతులు కడుక్కోడానికన్నట్టు వెళ్ళిపోయాను.

ఒక ఏడాది. పూర్తిగా ఒక ఏడాది ఆయన ఇంట్లో కూర్చున్నాడు. చేపలకి రమ్మంటే రాలేదు. దాణా మిల్లు దగ్గర కబుర్లకి రమ్మంటే, ఏదో ఒకటి తప్పు మాట్లాడతాను, నవ్వుతారు అన్నాడు. తను చెప్పే ప్రతి మాటకీ ముందు నా మొహం చూసేవాడు, ఇది సరేనా అన్నట్టు. నాకు పాఠాలు చెప్పినవాడు. నేను తల ఊపేవాణ్ణి. ఆ తల ఊపినప్పుడల్లా నన్ను నేను అసహ్యించుకున్నాను, అయినా నోరు తెరవలేదు. నోరీన్‌కి మాత్రం శీతాకాలంలో చెప్పుకున్నాను. ఆవిడ ఆసాంతం విని, కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. తర్వాత, "నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అంది. నేనే చెబుతానన్నాను. అయినా ఇంకో ఆరు వారాలు పట్టింది.

మార్చి చివర్లో ట్వైలా మాటల్లో మాటగా అంది, నాన్న పొద్దున్నే పాకలోకెళ్ళి లారీలో కూర్చుంటున్నాడని, తాళాల్లేకుండా, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని. ఇక ఆగలేకపోయాను. అప్పటికప్పుడు తుపాకీ ఆవిడ దగ్గర అడిగి తీసుకుని ఆర్విల్ ఇంటికెళ్ళాను. బల్ల మీద పెట్టి, మందూ గుళ్ళూ తీసేసి రాగి బిళ్ళ మాత్రం ఉంచిన డొల్ల ఒకటి వేసి, బోల్టు మెల్లగా మూశాను. నొక్కాను. టిక్. మళ్ళీ వేసి, ఈసారి బోల్టుని ధడాల్న వదిలి నొక్కాను, బిళ్ళ ఠప్పున పేలింది. తర్వాత మొత్తం చెప్పాను, కుక్క, నోటుబుక్కు, వాక్యం, ఆకుల్లో తూటా, అన్నీ.

ఆయన మొహం ఎరుపెక్కింది. అరవలేదు. లేచి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు, నేను వెళ్ళేదాకా. గడప దాటుతుంటే ఒకే ఒక్క మాట అన్నాడు. "లారీలో నేను ఏడుస్తుంటే నువ్వు పక్కనే ఉన్నావు." నిజమే, ఉన్నాను.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు, కానీ ఎక్కడో తేలిక కూడా పడ్డాను. తిట్టనీ, నా మొహం చూడకపోనీ, కనీసం ఆయనకి ఆయన మనసు తిరిగొచ్చింది అనుకున్నాను. పేపరులో కూడా ఉన్నది ఉన్నట్టు రాసి, అదే నా చివరి పేజీ అని చెప్పేశాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంకో వారానికి ఆర్విల్ నుంచి ఫోను. ఎప్పటి గొంతే, ఎప్పటి ఆప్యాయతే. కాఫీకి రమ్మన్నాడు. క్షమించాడు అనుకుని పరుగెత్తాను.

కాఫీ పోస్తూ, తల వంచుకుని, "నీకు చెప్పలేదు కదూ. పోయిన వసంతంలో తూటా పెట్టడం మర్చిపోయానురా," అన్నాడు.

బయటికొచ్చాక ట్వైలా మెట్ల మీద కూర్చుని ఉంది. నాన్నకి మతిమరుపు మొన్న జనవరి నుంచే మొదలైందని, ఈసారి గడియారం బొమ్మలో అంకెలన్నీ ఒకే పక్కన వేశాడని చెప్పింది. ఈ వారంలో జరిగింది ఈ వారంలోనే పోతోందట, పాతవి మాత్రం మిగిలి ఉన్నాయట. నేను ఆవిడకి కూడా మొత్తం చెప్పాను. వింటూ చేతుల్లోని గుడ్డ మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"అంటే ఆ ఏడాదంతా బాగానే ఉన్నాడు," అంది చివరికి. "నేను ఆయన ముందే మాత్రలు లెక్కపెట్టేదాన్ని."

ఆయనకి మిగిలిన ఆఖరి మంచి ఏడాది అది. దాన్ని ముసలితనం తినలేదు, నేను తిన్నాను.

అప్పట్నుంచి వెళ్ళినప్పుడల్లా చెబుతున్నాను. ఇంకేం చెయ్యను? తూటా మర్చిపోయిన సంగతి ఆయనలో మేకులా దిగిపోయింది, నేను చెప్పింది మాత్రం వారం నిలబడదు. అందుకని కూర్చోగానే ఆయన ఆ మాట ఎత్తుతాడు, నేను మొదట్నుంచీ చెబుతాను. ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. ఒకసారి కప్పు విసిరాడు. ఒకసారి పడీపడీ నవ్వి, నాలుగొందలకి ఇంకేం వస్తుందిరా అన్నాడు. ఒకసారి ఎందుకు చెప్పలేదురా, ఎందుకురా అని నా చొక్కా పట్టుకుని వదల్లేదు. ప్రతిసారీ ఆయనకి అది మొదటిసారే. నాకు కాదు. సిగ్గుపడ్డాను ఆర్విల్, అని ప్రతిసారీ అదే జవాబు చెబుతాను, అంతకంటే మంచిది ఇప్పటికీ దొరకలేదు.

పోయిన మంగళవారం చెప్పినప్పుడు చాలాసేపు కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"అయితే పెట్టానన్నమాట," అన్నాడు.

"పెట్టావు. చప్పుడు లేకుండా పెట్టావు. నాకే వినపడలేదు."

ఆ మొహంలోకి వచ్చిన వెలుగు చూడాలి మీరు. వీపు నిటారుగా అయింది. పదేళ్ళు చిన్నవాడయ్యాడు.

"ఆ పూటే చెప్పాల్సిందిరా," అన్నాడు, కోపం లేకుండా, నా మోకాలి మీద చెయ్యి వేసి. "పోన్లే, ఒక్క రోజేగా ఆలస్యం. తాళాలు ట్వైలా దగ్గరున్నాయి, నేను అడుగుతా. రేపు పొద్దున్నే నాలుగింటికి వచ్చెయ్యి, అది మళ్ళీ ఆ గట్టుకే వస్తుంది."

కిటికీ అవతల నవంబరు. ఓక్ చెట్ల ఆకులన్నీ రాలిపోయాయి. నాలుగింటికి వస్తానని చెప్పి లేచాను.